సంతలో కొన్న నాలుగు జపాన్ సాకే సీసాలు: ఏది ఏమిటి, ఇంట్లో ఏం చేసుకోవచ్చు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. జపాన్‌లోని నగోయాలో ఉద్యోగం చేస్తున్న మీ తమ్ముడు అక్కడి ఓసు కన్నన్ గుడి సంతలో నాలుగు సాకే (బియ్యంతో చేసే జపాన్ మందు) సీసాలు కొని తెచ్చాడు. ఒకటి ఎరుపు, బంగారు రంగుల్లో కొంగల బొమ్మలతో ఉంది. ఒకటి గోధుమ రంగుది, మెరుపు లేకుండా, ఒంటి మీద ఎర్రటి చారలతో ఉంది. మూడోది పెద్దది, బూడిద రంగుది, దాని మీద కుంచెతో రాసిన నల్లటి అక్షరాలు ఉన్నాయి. అది పేరున్న కళాకారుడి సంతకమని అమ్మినతను చెప్పాడట. నాలుగోది బొమ్మలేమీ లేని చిన్న తెల్ల సీసా. ఇవి పాతవా, విలువైనవా, ఇంట్లో ఎవరూ తాగరు కాబట్టి వీటితో ఏం చేసుకోవచ్చు, 'మందు సీసాలు ఇంట్లో ఎందుకు' అంటున్న అమ్మగారికి ఏం చెప్పాలి, అని అడిగారు.

ముందు టూకీగా చెప్పేస్తాను. ఎర్ర సీసా అందంగా ఉంది కానీ మీరనుకున్నంత పాతది కాదు. పెద్ద సీసా మీద ఉన్నది సంతకం కాదు, సారా కొట్టు పేరు. గోధుమ రంగుది, నన్ను ఒక్కటే తీసుకోమంటే నేను తీసుకునేది. తెల్లది అసలు మందు సీసా కాదు, దేవుడి సీసా. అమ్మగారికి ముందు దాన్ని చూపించండి.

నేను ఒకాయామాలో తొమ్మిదేళ్లు, నగోయా పక్కన ఆరేళ్లు ఉన్నాను. ఆ కాలంలో ఇలాంటివి నలభై దాకా పోగేశాను. కొన్నిటితో మోసపోయాను, రెండు చేతులారా పగలగొట్టుకున్నాను. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ఈ సీసాను జపాన్‌లో తొక్కురి అంటారు. మన తొక్కు పచ్చడికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. పోసేటప్పుడు సన్న మెడలోంచి వచ్చే 'తొక్కు తొక్కు' చప్పుడు వల్లే ఆ పేరొచ్చిందని కొందరంటారు. రాసేటప్పుడు మాత్రం 'సద్గుణం', 'లాభం' అనే అర్థాలున్న రెండు అక్షరాలతో రాస్తారు. వ్యాపారులకు ఇది భలే నచ్చిన రాత. దాని కథ కింద వస్తుంది.

భోజనాల దగ్గర వాడే తొక్కురిలో ఒక గో గానీ రెండు గోలు గానీ పడతాయి. గో అంటే దాదాపు 180 మిల్లీలీటర్లు. మన సోల, తవ్వ, మానికల్లాగే ఇది కూడా బియ్యం కొలిచే కొలతే. మీ తమ్ముడి రైస్ కుక్కర్‌తో వచ్చిన ప్లాస్టిక్ కప్పు చూడమనండి, అది సరిగ్గా ఒక గో. పది గోలు ఒక షో, అంటే 1.8 లీటర్లు. మెడ సన్నగా ఉండేది వేడి పోకుండా. సాకేను వేడినీళ్ల గిన్నెలో ఈ సీసాతోనే నిలబెట్టి వెచ్చచేస్తారు. ఆ వెచ్చదనానికి ఐదేసి డిగ్రీలకు ఒక పేరుంది: 30 దగ్గర 'ఎండ వెచ్చన', 35 దగ్గర 'ఒంటి వెచ్చన', అలా 55 దాకా. తాగని మనకు కూడా ఆ పేర్లు ముచ్చటేస్తాయి.

ఇక పెద్ద సీసా సంగతి. మీరు సంతకమని మురిసిపోయి దీన్నే అన్నిటికన్నా ముందు పెట్టారు కాబట్టి నేనూ దీనితోనే మొదలుపెడతాను.

ఫోటో పెద్దది చేసి చూశాను. అక్షరాలు పై నుంచి కిందికి మూడు వరసలుగా ఉన్నాయి. మధ్యలో పెద్దక్షరాల్లో కొట్టు పేరు, దాని చివర 'సాకే దుకాణం' అనే రెండక్షరాలు. కుడి పక్క ఊరి పేరు, అది సగం అరిగిపోయింది. ఎడమ పక్క చిన్నగా 'టెలిఫోన్' అని, కింద రెండే రెండు అంకెలు. ఊరు మొత్తానికి వంద ఫోన్లు కూడా లేని రోజుల్లో రాసిందన్నమాట. జపాన్‌లో టెలిఫోన్ మొదలైంది 1890లో. చిన్న ఊళ్లకు చేరడానికి ఇంకా టైమ్ పట్టింది. కాబట్టి ఈ సీసా షోగన్లు ఏలిన 'ఎదో' కాలానిది, అంటే 1868కి ముందుది, కాదు. రెండంకెల నంబరును బట్టి 20వ శతాబ్ది మొదటి ముప్ఫై నలభై ఏళ్లలోదని నా అంచనా. అంటే వంద ఏళ్లకు అటూ ఇటూ. తక్కువేమీ కాదు.

దీన్ని 'కయొయి తొక్కురి' అంటారు, అంటే వచ్చీ పోయే సీసా. ఇంకో పేరు 'బింబో తొక్కురి', పేదవాడి సీసా. అప్పట్లో సాకే కొట్టుకు దేవదారు పీపాల్లో వచ్చేది. పెద్ద పీపా 72 లీటర్లది. పీపా మొత్తం కొనే స్తోమత ఎంతమందికి ఉంటుంది? మామూలు మనిషి కొట్టుకు వెళ్లి కావలసినంత పోయించుకునేవాడు. సీసా కొట్టువాడిది, అరువుకిచ్చేవాడు. అయిపోయాక మళ్లీ అదే సీసాతో రావాలి. ఎవరి సీసా ఎవరిదో కలిసిపోకుండా కొట్టు పేరు, ఊరు, తర్వాతి రోజుల్లో ఫోన్ నంబరు రాయించేవారు. మన చిన్నప్పుడు సోడా సీసా కొట్లోనే తాగి ఇచ్చేసి రావాల్సి వచ్చేది, గుర్తుందా? ఇక్కడ అంత కట్టడి లేదు, నమ్మకం మీద ఇంటికే పంపేవారు. అలా వీధుల్లో తిరిగిన ప్రతి సీసా కొట్టుకు ఒక బోర్డే. గాజు సీసాలు చౌకయ్యాక వీటి పని అయిపోయింది.

ఈ రకం సీసాలు కుప్పలుతెప్పలుగా చేసిన ఊరు నగోయాకు దగ్గర్లోనే ఉంది. గిఫు రాష్ట్రంలో తజిమి, అందులో తకత అనే పేట. అక్కడి మట్టి కాలిస్తే గట్టిగా, నీరు కారకుండా తయారవుతుంది కాబట్టి వాళ్లకు ఇదే బతుకుతెరువైంది. అందుకే ఓసు సంతలో ఇవి వరసగా నేల మీద పరిచి ఉంటాయి. మీ తమ్ముడు ఎంత పెట్టాడో మీరు రాయలేదు. నేను ఆ సంతలోనే రెండు మూడు వేల యెన్‌లకు మించి ఎప్పుడూ పెట్టలేదు. సంతకమని నమ్మి అంతకు ఎన్నో రెట్లు పెట్టి ఉంటే మాత్రం, నా మొదటి ఏడాది అనుభవం చెప్తాను: నేను కూడా ఇలాంటి సీసానే 'సన్యాసి చేతిరాత' అని కొన్నాను. ఇంటికి తెచ్చి పక్కింటి పెద్దాయనకు చూపిస్తే కళ్లజోడు సర్దుకుని గట్టిగా చదివాడు: 'సాకే, సోయా సాస్, కిరాణా.' ఆ వీధిలో నేను చాలా రోజులు తలెత్తుకోలేదు.

అన్నట్టు, మీ తమ్ముడు జపాన్‌లో హోటళ్ల గుమ్మాల దగ్గర మట్టితో చేసిన తనుకి బొమ్మ చూసే ఉంటాడు. కుక్కలా, రకూన్‌లా ఉండే ఒక అడవి జంతువు అది. బాన పొట్ట, గడ్డి టోపీ, ఒక చేతిలో సీసా, ఇంకో చేతిలో చిన్న పుస్తకం. ఆ సీసా ఇదే, కయొయి తొక్కురి. ఆ పుస్తకం సాకే కొట్టు ఖాతా పుస్తకం. అరువు తెచ్చుకోడానికి బయలుదేరిన బొమ్మ అన్నమాట! కానీ వ్యాపారులు దానికి మంచి అర్థం చెప్పుకున్నారు: సీసా అంటే తిండికి లోటు లేకపోవడం, మంచి గుణం, ఖాతా పుస్తకం అంటే పరపతి. ఈ బొమ్మలకు షిగరాకి అనే కుమ్మరుల ఊరు ప్రసిద్ధి. 1951లో చక్రవర్తి ఆ ఊరు వచ్చినప్పుడు దారి పొడవునా తనుకి బొమ్మల చేతికి జెండాలిచ్చి నిలబెట్టారు. ఆ వార్త దేశమంతా పాకి, ఆ తర్వాత ప్రతి కొట్టు ముందూ అది వెలిసింది.

సరే, గోధుమ రంగు సీసా దగ్గరికి వద్దాం. ఇది బిజెన్ మట్టి. ఒకాయామా రాష్ట్రంలో ఇంబె అనే చిన్న ఊరు, రైలు దిగితే చాలు ఇటుక పొగగొట్టాలు కనబడతాయి. నేనున్న చోటికి గంట లోపు దూరం. సెలవు రోజుల్లో సగం అక్కడే గడిచాయి.

జపాన్‌లో మధ్యయుగం నుంచి నేటిదాకా ఆరిపోకుండా ఉన్న ఆరు కుమ్మరి ఊళ్లను 'ఆరు పాత కుమ్మరి ఆవాలు' అంటారు. బిజెన్ వాటిలో ఒకటి. మిగతావి తంబ, షిగరాకి, తొకొనమె, సెతొ, ఎచిజెన్. బిజెన్ ప్రత్యేకత ఏమిటంటే దానికి గ్లేజ్, అంటే గాజులా మెరిసే పూత, ఉండదు. వరి పొలాల కింద లోతు నుంచి తవ్విన నల్లటి జిగురు మట్టి అది. ఇనుము ఎక్కువ. గబగబా కాలిస్తే బీటలు వారుతుంది. అందుకని ఎర్ర పైన్ కట్టెలతో పది రోజుల నుంచి రెండు వారాల దాకా, రాత్రీ పగలూ మంట ఆరకుండా, 1200 డిగ్రీల పైకి నెమ్మదిగా తీసుకెళ్తారు. రంగు వేసేది కుంచె కాదు, ఆ మంటే. కట్టెల బూడిద ఎగిరి సీసా భుజాల మీద పడి కరిగితే నువ్వులు చల్లినట్టు మచ్చలు పడతాయి. దాని పేరు కూడా 'గొమ', నువ్వులే. నిప్పుల్లో బూడిదలో కూరుకుపోయిన భాగం నీలి బూడిద రంగు తిరుగుతుంది.

మీ సీసా మీద ఉన్న ఎర్ర చారలు 'హిదసుకి'. ఆవంలో ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు అతుక్కోకుండా మధ్యలో వరిగడ్డి పెట్టేవారు. గడ్డిలోని పొటాషియం, మట్టిలోని ఇనుము ఆ వేడికి కలిసి, గడ్డి తగిలిన చోటల్లా మంకెన పువ్వు రంగు గీత మిగిలింది. అతుక్కోకుండా పెట్టిన గడ్డి అందమైపోయేసరికి, తర్వాత కావాలనే గడ్డి తాళ్లు చుట్టి కాల్చడం మొదలుపెట్టారు. ఈ రోజుల్లో హిదసుకిని కరెంటు కొలిమిలో కూడా చేస్తున్నారు. చార అచ్చంగా అలాగే వస్తుంది. అందుకే చారను చూసి ఇది కట్టెల ఆవంలోదే అని నేను ఒట్టేసి చెప్పను. కానీ మీ సీసాకు మెడ కింద ఒక పక్క పసుపు నువ్వుల మచ్చ కనిపిస్తోంది. ఒకే పక్క ఉంది, మంట ఎటునుంచి వచ్చిందో చెప్తున్నట్టు. అందుకే నాకు నచ్చింది.

దీన్ని తలకిందులు చేసి అడుగు చూడండి. మన కుమ్మరి సారె మీద నుంచి కుండను దారంతో కోసినట్టే అక్కడా కోస్తారు. గవ్వ మీద గీతల్లాంటి చుట్లు అడుగున ఉంటే చేత్తో చేసిందని నమ్మవచ్చు. పక్కనే గోటితో గీసినంత చిన్న గుర్తు ఉంటే అది చేసినవాళ్ల ముద్ర. బదులుగా ఒంటి మీద పై నుంచి కిందికి సన్నని అతుకు గీత తగిలితే అది అచ్చులో పోసిన సరుకు. అచ్చులోది తప్పేమీ కాదు, ధర మాత్రం వేరు.

జపాన్‌లో ఒక నానుడి ఉంది: తొక్కురి అయితే బిజెన్‌ది, గిన్నె అయితే కరత్సుది. బిజెన్ సీసాలో పోస్తే సాకే రుచి మెత్తబడుతుందని అక్కడివాళ్లు గట్టిగా నమ్ముతారు. నా నాలుకకు ఆ తేడా ఎప్పుడూ తెలియలేదు. చేతికి మాత్రం తెలుస్తుంది. గ్లేజ్ లేని ఆ గరుకు తడి చేతిలోంచి జారదు. తాగి ఉన్నవాళ్లకు అదే ముఖ్యం కదా.

ఇంకో మాట. మధ్యలో కొన్ని వందల ఏళ్లు పింగాణీ జోరులో బిజెన్ బాగా వెనకబడింది. కనెషిగె తొయొ అనే కుమ్మరి పాత పద్ధతులను వెతికి వెతికి మళ్లీ నిలబెట్టాడు. 1956లో ప్రభుత్వం ఆయనకు 'సజీవ జాతీయ నిధి' గుర్తింపు ఇచ్చింది. ఆయన పేరుతో సంతలో ఎవరైనా సీసా అమ్మజూపితే మీ తమ్ముణ్ని దండం పెట్టి వచ్చేయమనండి. అలాంటివి నేల మీద పరిచిన దుప్పటి మీద దొరకవు. అలాంటివి మెత్తని పౌలోనియా చెక్క పెట్టెలో, మూత మీద చేసినాయన స్వహస్తంతో రాసిన పేరుతో వస్తాయి. పెట్టె పోతే సీసా విలువ ఒక్కసారిగా పడిపోతుంది. కొత్తగా ఏది కొన్నా పెట్టె పారేయొద్దని అందుకే చెప్తాను. మా ఇంట్లో మొదటి మూడు పెట్టెలు పోపుల డబ్బాలు సర్దుకోడానికి పోయాయి.

ఎర్ర సీసా కుతాని. అడుగున ఎర్రగా ఉన్న రెండక్షరాలు అవే. మాటకు 'తొమ్మిది లోయలు' అని అర్థం. ఇషికావా రాష్ట్రంలోది. 1655 ప్రాంతంలో అక్కడి ప్రభువుల అండతో మొదలై, యాభై ఏళ్లు తిరక్కుండానే ఆవం చల్లారిపోయింది. ఎందుకన్నది ఇప్పటికీ వాదనే. వందేళ్ల తర్వాత, 19వ శతాబ్దిలో మళ్లీ రాజుకుంది. మొదటి యాభై ఏళ్ల సరుకును పాత కుతాని అంటారు. అందులో చాలా భాగం నిజానికి క్యుషు దీవిలోని అరితలో కాల్చిందేనని తవ్వకాల తర్వాత పండితులు వాదించారు. ఆకుపచ్చ, పసుపు, ఊదా, ముదురు నీలం, ఎరుపు అని కుతానికి ఐదు రంగులు. మీ సీసాలాగా ఎరుపు మీద బంగారం దట్టించే పద్ధతి 19వ శతాబ్దిలో కుతాని షోజా అనే చిత్రకారుడితో ఊపందుకుంది. విదేశాలకు ఓడల్లో పోయిన కుతాని చాలావరకు ఆ రకమే.

ఇందులో ముందు తెల్ల పింగాణీని 1300 డిగ్రీల దగ్గర కాల్చి, దాని పైన రంగులు వేసి, మళ్లీ 800 దగ్గర కాలుస్తారు. అందుకే చేత్తో వేసిన రంగు వేలికి తగులుతుంది, ముగ్గు మీద చెయ్యి పెట్టినట్టు కొంచెం ఎత్తుగా. మీరు కళ్లు మూసుకుని కొంగ రెక్కను తడమండి. ఎత్తుపల్లాలు లేకుండా నున్నగా ఉంటే అది అచ్చుకాగితం నుంచి దింపిన బొమ్మ. ఒక భూతద్దం ఉంటే ఇంకా సులువు. న్యూస్ పేపర్ ఫోటోలో కనబడే చుక్కలు కనిపిస్తే చర్చ ముగిసినట్టే. ఫోటోలో నాకు రెండు కొంగలూ ఒకే కన్ను, ఒకే ముక్కు, ఒకే వంపుతో కనబడుతున్నాయి. మనిషి చెయ్యి అంత నిక్కచ్చిగా రెండుసార్లు తిరగదు. బంగారం కూడా ఎక్కడా అరగలేదు. నలుగురి చేతుల్లో తిరిగిన సీసాకు మెడ దగ్గర, పట్టుకునే చోట, బంగారం ముందే పోతుంది. కాబట్టి ఇది పర్యాటకుల కోసమో, పెళ్లి కానుకల కోసమో చేసిన ఇటీవలి సరుకని నా లెక్క.

అడుగున ఇంగ్లీషు లేదు కాబట్టి పాతదేమోనని మీరు రాశారు. అది సగం నిజం. అమెరికా చట్టం వల్ల 1891 నుంచి ఎగుమతి సరుకు మీద దేశం పేరు ఇంగ్లీషులో ఉండాల్సి వచ్చింది. మొదట 'నిప్పాన్' అని వేశారు, 1921 తర్వాత 'జపాన్' అన్నారు. యుద్ధం ఓడిపోయి అమెరికన్ల కింద ఉన్న 1952 వరకు కొన్నిటి మీద 'ఆక్యుపైడ్ జపాన్' అనీ ఉంటుంది. ఇవన్నీ బయటికి పంపిన వాటికి. సొంత ఊళ్లో అమ్ముకునే సీసాకు ఇంగ్లీషుతో పనేముంది? నిన్న చేసిన దాని మీద కూడా ఉండదు.

కొత్తదని చిన్నబుచ్చుకోకండి. కొంగకు వెయ్యేళ్లు, తాబేలుకు పదివేల ఏళ్లు ఆయుష్షని వాళ్ల నమ్మకం. పైన్ చెట్టు, వెదురు, ఉమె అనే ప్లమ్ పువ్వు మూడూ కలిసి ఉంటే శుభం. కొన్ని సీసాలు సొరకాయ బుర్ర ఆకారంలో ఉంటాయి. ఆరు బుర్రలు ఒకచోట గీస్తే 'రోగం లేకపోవడం' అనే మాటతో శ్లేష కుదురుతుంది. మీ తమ్ముడు తెలిసో తెలియకో పెద్దవాళ్లకు ఇవ్వాల్సిన బొమ్మనే తెచ్చాడు. ఒకసారి అందులో నీళ్లు పోసి వంచి చూడండి. కుతానిలో పోస్తుంటే పిట్టలా కూసే సీసాలు కూడా ఉన్నాయి, 'ఉగుయిసు తొక్కురి' అంటారు, లోపల చిన్న ఈల దాచి పెడతారు. మీది కూస్తే పిల్లలకు పండగే.

తెల్ల సీసా. గుండ్రటి భుజాలు, కిందికి వచ్చేసరికి సన్నబడిన నడుము. ఇది ఇంట్లో దేవుడి అరలో సాకే నివేదన పెట్టే సీసా, 'హెయిషి' అంటారు. దీనికి చిన్న మూత ఉండాలి, అది పోయినట్టుంది. దాంతో పాటు ఇంకోటి కూడా పోయింది: దీని జంట. ఇవి ఎప్పుడూ రెండుగానే పెడతారు, మధ్యలో బియ్యం, ఉప్పు, నీళ్లు. నెలకు రెండుసార్లు, ఒకటో తేదీన, పదిహేనో తేదీన మార్చే ఇళ్లు చాలా ఉన్నాయి. దించిన సాకేను మనం తీర్థం పుచ్చుకున్నట్టు పుచ్చుకుంటారు. ఎప్పుడూ అంటిపెట్టుకు తిరిగే ఇద్దరిని చూస్తే జపాన్‌లో 'దేవుడి సీసాలు' అని వేళాకోళం చేస్తారు. మీ తమ్ముణ్ని మళ్లీ ఆ సంతకే పంపి, అదే ఎత్తున్న రెండోదాన్ని వెతకమనండి. సంత నెలకు రెండు రోజులు, 18, 28 తేదీల్లో. వంద, రెండు వందల యెన్‌ల బుట్టలో ఇవి ఎప్పుడూ ఉంటాయి. అమ్మగారికి ఈ సంగతి చెప్తే ఆవిడే పూలు పెట్టమంటారేమో.

ఇంక వాడకం. మీరు తెల్లదాంట్లో దీపాల నూనె పోసుకోవచ్చా అని అడిగారు. పోసుకోవచ్చు, లోపల గ్లేజ్ ఉంది. పెద్ద సీసాలో కూడా ఫరవాలేదు, ముందు నీళ్లు పోసి ఒక రాత్రి పేపర్ మీద నిలబెట్టండి, అడుగు తడిస్తే మానేయండి. బిజెన్‌లో మాత్రం నూనె వద్దే వద్దు. పూత లేని మట్టి నూనె పీల్చుకుంటే ఆ ముక్కిన వాసన మీ మనవళ్ల దాకా ఉంటుంది. బిజెన్‌లో పువ్వు పెట్టండి. జపాన్‌లో చాలామంది తొక్కురిని ఒంటి పువ్వు కుండీగానే వాడతారు. ఆ మట్టిలో నీళ్లు త్వరగా చెడవని, పువ్వు ఒక రోజు ఎక్కువ నిలుస్తుందని అక్కడ నమ్మకం. ఒక నందివర్ధనం కొమ్మ, లేదంటే గన్నేరు, ఒక్కటి చాలు. మన అలవాటు కొద్దీ గుత్తులు కుక్కొద్దు. మొదట్లో అడుగున చెమ్మ పడుతుంది, చిన్న పళ్లెం పెట్టండి. మా టేకు బల్ల మీద ఇప్పటికీ ఒక గుండ్రటి మచ్చ ఉంది, దాని గురించి మా ఆవిడ దగ్గర ఎవరూ మాట్లాడరు.

కుతానిలో చింతపండు రసం, నిమ్మరసం, పచ్చడి లాంటి పులుపు నిలవ పెట్టకండి. పాత రంగుల్లో సీసం ఉంటుంది. లోపల తెల్ల గ్లేజే అయినా మూతి దాకా రంగు ఉన్న సీసాలతో ఆ తంటా దేనికి? ఎంత కొత్తదైనా బంగారం ఉంది కాబట్టి మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, పీచుతో రుద్దొద్దు.

సన్న మెడ కాబట్టి లోపల కడగడం అందరికీ సమస్యే. గుప్పెడు బియ్యం, గోరువెచ్చని నీళ్లు పోసి, మూతి అరచేత్తో మూసి గలగలా ఊపండి. మురికి వచ్చేస్తుంది. పాత వాసన ఉంటే చెంచాడు వంటసోడా వేసి రాత్రంతా ఉంచండి. బిజెన్‌కు సబ్బు వద్దు, అదీ పీల్చుకుంటుంది. కడిగాక రెండు మూడు రోజులు గాలికి ఆరనివ్వండి. మీది విజయవాడ అన్నారు, వర్షాకాలంలో తడి ఉండగా షోకేస్‌లో పెట్టి తలుపు మూస్తే లోపల బూజు ఖాయం. ఇంకో జాగ్రత్త: చల్లటి సీసాలో మరిగే నీళ్లు పోయకండి. నా మొదటి బిజెన్ సీసా జనవరి చలిలో అలాగే 'టిక్' అని ఒక్క చప్పుడు చేసి పోయింది.

పగులు ఉందో లేదో తెలియాలంటే మెడ పట్టుకుని వేలి గోటితో ఒంటి మీద కొట్టండి. మనం సంతలో కుండ కొనేటప్పుడు చేసే పనే. కంగుమంటే గట్టిది. మొద్దుగా మోగితే ఎక్కడో బీట ఉంది. బిజెన్, పెద్ద సీసా మందమైన మట్టివి కాబట్టి పింగాణీ అంత ఖంగుమనవు, భయపడకండి.

పెద్ద సీసా మూతి దగ్గర చిన్న పెచ్చు ఊడింది, బంగారంతో అతికించవచ్చా అన్నారు. ఉరుషి అనే చెట్టు జిగురుతో అతికి, పైన బంగారు పొడి అద్దే పద్ధతి ఉంది, కింత్సుగి అంటారు. ఆ జిగురు ఎండలో కాదు, తేమలో గట్టిపడుతుంది. వారాలు పడుతుంది. పైగా ఉరుషి చెట్టు మామిడి, జీడి కుటుంబానిదే. మామిడి సొన, జీడి రసం పడనివాళ్లకు చేతులు పొక్కిపోతాయి. ఆన్‌లైన్‌లో ఆ పేరుతో అమ్మే కిట్లు చాలావరకు ఎపాక్సీ జిగురు, ఇత్తడి రంగు పొడి. షోకేస్ వరకు సరే, తినే తాగే వాటికి పనికిరావు. నన్నడిగితే ఆ పెచ్చును అలాగే వదిలేయండి. కొట్టుకూ ఇంటికీ మధ్య ఎన్నిసార్లు తిరిగితే ఊడిందో అది.

మీ తమ్ముడికి ఇష్టం పుట్టినట్టుంది కాబట్టి ఒక చిట్కా. నాగసాకి వైపు వెళ్తే, తెల్ల పింగాణీ సీసా మీద నీలి రంగులో డచ్చి అక్షరాలున్నవి వెతకమనండి. హసామి అనే ఊళ్లో చేసి, డచ్చివాళ్ల ఓడల్లో సాకే, సోయా సాస్ ఎగుమతి చేసిన సీసాలు అవి. 'యాపాన్‌ష్ జాకీ' అని ఉంటే సాకేది, 'జోయా' అని ఉంటే సోయా సాస్‌ది. మీకు హైదరాబాద్ రావడం కుదిరితే సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాన్ గది చూడండి. సత్సుమా, ఇమారి అనే రంగుల జపాన్ పాత్రల పనితనం అక్కడ దగ్గర నుంచి చూశాక మీ ఎర్ర సీసాను మళ్లీ చూస్తే నేను చెప్పిన తేడా మీకే తెలుస్తుంది.

మూడు ఫోటోలు ఇంకా కావాలి: బిజెన్ అడుగు, కొంగ కన్ను దగ్గర నుంచి, పెద్ద సీసా కుడి పక్క అక్షరాలు. ఆ అరిగిన ఊరి పేరు మీద పిండి గానీ టాల్కం పౌడర్ గానీ రుద్దొద్దు. సాయంత్రం ఏటవాలు ఎండలో పెట్టి తీయండి, కుంచె జాడ తేలుతుంది. ఊరు చదవగలిగితే అది గిఫులోదో, నగోయా ఉన్న ఐచి రాష్ట్రంలోదో చెప్తాను.